బాబిన్ దగ్గరే సగం కుట్టు

(హనుమకొండలో ఒక కుట్టు శిక్షణ తరగతి మొదలైన రోజు, కొత్తగా చేరిన మహిళలతో ఒక శిక్షకురాలు చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం అమ్మా, అందరికీ.

పొద్దున పేర్లు రాయించుకునేటప్పుడే మీలో కొందరు అడిగారు, జాకెట్లలో ప్రిన్సెస్ కట్ ఎప్పుడు చెప్తారు, బోట్ నెక్ ఎప్పుడు చెప్తారు అని. అవన్నీ వస్తాయి. నర్సంపేట నుంచి, పరకాల నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. మహిళా సంఘంలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టి చెయ్యి తిరిగినవాళ్లూ ఉన్నారు. అయినా ఈ మొదటి తరగతిలో నేను బాబిన్ చుట్టడం గురించే, అంటే మిషన్ కింద పెట్టే ఆ చిన్న చక్రానికి దారం ఎక్కించడం గురించే మాట్లాడతాను.

ఎందుకంటే దీన్ని కూర్చోబెట్టి ఎవరూ నేర్పరు. మిషన్ కొన్న రోజు షాపతను రెండు నిమిషాల్లో చూపిస్తాడు: ఇక్కడ పెట్టాలి, ఇట్లా నొక్కాలి, తొక్కాలి, అయిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మనం అట్లాగే చుట్టుకుంటూ పోతాం. బతుకమ్మ ముందు జాకెట్లు కుప్ప పడి ఉంటాయి, రాత్రి పన్నెండు దాటుతుంది, అప్పుడు కింద దారం తెగుతుంది. మళ్లీ ఎక్కిస్తాం, మళ్లీ తెగుతుంది. సూది మారుస్తాం, పైన దారం బిగువు మార్చే టెన్షన్ తిప్పుతాం, మిషన్‌ను తిట్టుకుంటాం, పొద్దున్నే మెకానిక్‌కు ఫోన్ చేస్తాం. మిషన్ పాడైందని ఎవరైనా నా దగ్గరికి వస్తే నేను ముందు మిషన్ జోలికి పోను. బాబిన్ తీసి చేతిలో పట్టుకుని చూస్తాను. చాలాసార్లు రోగం అక్కడే దొరుకుతుంది.

ముందు కుట్టు ఎట్లా పడుతుందో తెలుసుకుందాం. అది తెలిస్తే బాబిన్ మీద గౌరవం దానంతట అదే వస్తుంది.

మన మిషన్ వేసే కుట్టులో రెండు దారాలు. పైది రీలు నుంచి వచ్చి సూదిలో దూరుతుంది, కిందిది బాబిన్ నుంచి వస్తుంది. సూది బట్టలోంచి దిగి అడుగుకు పోతుంది, మళ్లీ లేవడం మొదలుపెడుతుంది. రెండు మిల్లీమీటర్లు లేచేసరికి సూది పక్కన దారం వదులై చిన్న ఉచ్చు పడుతుంది. కింద తిరిగే కొక్కేన్ని షటిల్ అంటాం, దాని మొన సరిగ్గా అదే క్షణంలో వచ్చి ఆ ఉచ్చును అందుకుంటుంది. అందుకుని పెద్దది చేసి, బాబిన్ కూర్చునే చిన్న డబ్బీ, అదే బాబిన్ కేసు, దాని చుట్టూ తిప్పి, అవతల వదిలేస్తుంది. పైన దారం ఎత్తే లివర్ ఒక్క గుంజు గుంజుతుంది. పై దారం కింది దారాన్ని పట్టుకుని పైకి వచ్చి బట్ట మందం మధ్యలో ఆగుతుంది. ఒక కుట్టు అయింది. పెద్ద పవర్ మిషన్లయితే ఇదే పనిని నిమిషానికి 4,000, 5,000 సార్లు కూడా చేయగలవు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ప్రతి కుట్టుకూ పై దారం ఉచ్చు మొత్తం బాబిన్ చుట్టూ తిరిగి రావాలి. అంటే బాబిన్ కేసును మిషన్‌కు ఎక్కడా బిగించడానికి లేదు. బిగిస్తే దారం అక్కడే ఆగిపోతుంది. అందుకే అది షటిల్ లోపల వదులుగా కూర్చుని ఉంటుంది, తనూ గిరగిరా తిరగకుండా ఒక్క వేలు లాంటి ముక్క మాత్రం అడ్డం ఉంటుంది. దాని చుట్టూ అన్ని పక్కలా దారం జారేంత సందు ఉంటుంది. ఆ సందులోకి బాబిన్ మీద నుంచి పొంగిన దారం వచ్చిందనుకోండి, అంచు వంగిన బాబిన్ రాసుకుందనుకోండి, పై దారం అక్కడ తట్టుకుంటుంది. బాబిన్ ఇంత చిన్నగా ఎందుకుంటుంది, పెద్దది పెడితే మాటిమాటికీ చుట్టే బాధ తప్పేది కదా అని చాలామంది అడుగుతారు. బాబిన్ పెద్దదైతే ఉచ్చు కూడా అంత పెద్దదవ్వాలి, అంత పొడుగు దారాన్ని ప్రతి కుట్టుకూ లాగి, మళ్లీ వెనక్కి గుంజాలి. మన ఇళ్లలో ఉండే నల్ల మిషన్ బాబిన్ రెండు సెంటీమీటర్ల వెడల్పు, సెంటీమీటరు దాటి కొంచెం ఎత్తు. చుట్టే బాధ తప్పదు కాబట్టి బాగా చుట్టడం నేర్చుకోవాలి.

ఈ ఊరివాళ్లకు ఇది కొత్త విషయం కాకూడదు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లకు వెళ్లి చూడండి. 2018లో వరంగల్ జంపఖానాలకు జీఐ, అంటే భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది, అందరం సంతోషించాం. మగ్గం మీద కూర్చున్నవారి పేరు బయటికి వస్తుంది. పక్కన రాట్నం ముందు కూర్చుని చిన్న గొట్టాలకు నూలు ఎక్కించి కండెలు చుట్టే అవ్వను ఎవరూ అడగరు. కానీ కండె వదులుగా చుడితే, మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె పరుగులో చుట్లు జారి చిక్కు పడతాయని, బిగువు సమంగా లేకపోతే బట్ట అంచు చెడుతుందని నేసే మనిషికి తెలుసు. అందుకే చుట్టిన కండెను బొటనవేలితో ఒత్తి చూసి గానీ నాడెలో పెట్టరు. ఏ బట్టల మిల్లులోనైనా నూలు చుట్టడానికి వైండింగ్ అని ఒక విభాగమే వేరుగా ఉంటుంది. 1934లో పెట్టిన అజంజాహి మిల్లు 2002లో మూతపడే దాకా ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లు నూలు మీద బతికాయో మీ పెద్దవాళ్లను అడగండి. చుట్టే పని తెలిసినవాళ్లు మీ ఇళ్లలోనే దొరుకుతారు.

కుట్టు మిషన్ పుట్టింది కూడా మగ్గం తెలిసిన చేతుల్లోనే. 1846లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న ఎలియాస్ హోవ్, అంతకుముందు లోవెల్ అనే ఊళ్లో బట్టల మిల్లు యంత్రాలు చేసే చోట పనిచేశాడు. ఆయన మిషన్‌లో కింది దారాన్ని ఒక చిన్న నాడె అటూ ఇటూ మోసేది. అంతకు పదేళ్లకు పైగా ముందే వాల్టర్ హంట్ ఇట్లాంటి మిషన్ ఒకటి తయారు చేశాడు గానీ అప్పుడు పేటెంట్ తీసుకోలేదు. కింద నాడె అటూ ఇటూ పరుగెత్తడం వల్ల వేగం పెరిగేది కాదు. 1850ల మొదట్లో అలెన్ విల్సన్ అనే ఆయన దాన్ని మార్చాడు. దారం ఉన్న బాబిన్‌ను ఒకచోట కూర్చోబెట్టి, దాని చుట్టూ కొక్కేన్ని తిప్పాడు. ఇవాళ మనం తొక్కే మిషన్‌లో బాబిన్ ఉన్నచోటే ఉండి, పై దారమే దాన్ని చుట్టి రావడం ఆ దారిలో వచ్చిందే.

సరే, ఇప్పుడు చేతి పని. ముందుకు జరగండి, ఈ మిషన్ కనబడాలి.

చక్రం మధ్యలో ఈ గుండ్రటి స్క్రూ ఉంది కదా. ఎడమ చేత్తో చక్రాన్ని పట్టుకుని, కుడి చేత్తో దీన్ని మీ వైపు తిప్పి వదులు చేయండి. ఇప్పుడు చక్రం తిరుగుతుంది, సూది కదలదు. చాలామంది దీన్ని వదిలేసి సూది ఆడుతుండగానే బాబిన్ చుడతారు. కింద బట్ట లేదు, బట్టను అదిమే ఫుట్ దించి ఉంది, బట్టను జరిపే పళ్లు ఫుట్‌ను గీకుతూ ఉంటాయి. సూదిలో దారం ఉంటే అది పోయి షటిల్‌లో గుబురు కడుతుంది.

తర్వాత రీలును నిలబెట్టి, దారాన్ని ఈ మూల కింద ఉన్న రెండు చిన్న బిళ్లల మధ్య నుంచి తీసుకురండి. ఈ బిళ్లలే ప్రాణం అమ్మా. తొందరలో దారాన్ని పక్కనుంచి పోనిచ్చేస్తాం, లేదా చేత్తో పట్టుకుని చుట్టేస్తాం. మన వేళ్ల పట్టు ఒక నిమిషం ఉన్నట్టు ఇంకో నిమిషం ఉండదు. బిళ్లల మధ్యకు దారం పూర్తిగా దిగిందో లేదో ఎట్లా తెలుస్తుంది? రెండు చేతులతో అటూ ఇటూ పట్టి లాగండి. కొంచెం ఆపినట్టు అనిపించాలి. ఏ అడ్డూ లేకుండా జారిపోతే దారం ఇంకా పైనే ఉన్నట్టు.

బాబిన్ అంచుకు ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దారం కొసను లోపలి నుంచి బయటికి ఆ రంధ్రంలోంచి తీయండి. బాబిన్‌ను వైండర్, అంటే దాన్ని తిప్పి దారం చుట్టే ఈ భాగం, కడ్డీకి ఎక్కించి, వైండర్‌ను చక్రానికి ఆనించండి. కొసను పట్టుకుని మెల్లగా తొక్కండి. నాలుగైదు చుట్లు పడగానే ఆగి, కొసను అంచు దగ్గర నున్నగా కత్తిరించండి. ఈ ఆగడం ఒక్కటి ఎవరూ చేయరు. కొస బయటికి వేలాడుతూ ఉంటే అది కేసులో కొట్టుకుంటుంది, పై దారానికి చుట్టుకుంటుంది. కుట్టు మొదలైన కాసేపటికే ఎక్కడో టక్కుమని తెగుతుంది, కారణం అంతుపట్టదు.

తర్వాత ఒకే వేగంతో తొక్కండి. మోటారు పెట్టుకున్నవాళ్లు పెడల్‌ను మొత్తం అదిమేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. మనం ఎక్కువగా వాడేది పాలిస్టర్ దారం. దానికి సాగే గుణం ఉంది. బిగువుగా, విపరీతమైన వేగంతో చుడితే అది సాగిన స్థితిలోనే బాబిన్ మీద పడుతుంది. కుట్టులోకి వెళ్లాక మళ్లీ తన పొడుగుకు ముడుచుకుంటుంది. అప్పుడు పలచటి బట్ట మీద కుట్టు పొడుగునా సన్న ముడతలు తేలతాయి. జార్జెట్ జాకెట్లకు సైడ్ కుట్లు ఇస్త్రీకి కూడా లొంగకుండా ముడుచుకోవడం మీరు చూసే ఉంటారు. కటింగ్ తప్పు అనుకుంటాం. ఒక్కోసారి అది బాబిన్ బిగువు తెచ్చిన తంటా. ప్లాస్టిక్ బాబిన్ అయితే ఆ బిగువుకు నడుమే వంకరపోయి కేసులో తిరగదు.

వైండర్ దగ్గర ఒక రేకు ముక్క బాబిన్ అంచుల మధ్యకు వచ్చి ఆనుకుని ఉంటుంది. దారం నిండుతుంటే అది బయటికి జరుగుతుంది, నిండగానే వైండర్‌ను చక్రం నుంచి తప్పిస్తుంది. పాత మిషన్లలో ఇది అరిగిపోయి తప్పుకోదు. అప్పుడు మనమే చూసుకోవాలి. అంచుకు కొంచెం లోపలే ఆపండి, పొంగనివ్వకండి. ఇంకో పది చుట్లు వస్తే జాకెట్టుకు ఇంకో చెయ్యి కుట్టొచ్చు కదా అనే ఆశ వద్దు. పొంగిన బాబిన్ కేసులో రాసుకుంటూ తిరుగుతుంది, కొంత దారం ఖర్చయ్యేదాకా కుట్టు బిగువుగా పడి, ఆ తర్వాత సరిగా పడుతుంది. ఒకే జాకెట్టుకు రెండు రకాల కుట్టు వస్తుంది.

ఈ రెండు బాబిన్లు చేతులు మార్చుకుంటూ చూడండి. ఎర్ర దారంది, తెల్ల దారంది. కళ్లతో కాదు, బొటనవేలి గోరుతో చూడండి. తెల్ల దాన్ని నొక్కితే గట్టిగా ఉంది, గోరు దిగడం లేదు. చుట్లు పక్కపక్కన వరసగా కూర్చున్నాయి, రెండు అంచుల దగ్గరా ఒకే ఎత్తు. ఎర్రది మెత్తగా లోపలికి పోతోంది కదా. పైగా ఒక పక్కన గుట్ట, ఇంకో పక్కన పల్లం. ఇది తిరిగేటప్పుడు గుట్ట మీద చుట్లు జారి పల్లంలోకి పడతాయి, కింది చుట్ల మధ్య ఇరుక్కుంటాయి. లాగితే ఒకసారి తేలిగ్గా వస్తుంది, ఒకసారి పట్టుకుంటుంది. అక్కా, మీరు లాగి చూడండి... ఆగింది కదా? ఆగినచోటల్లా కింద ఒక కుట్టు చెడిపోతుంది.

మెత్తగా వచ్చిందంటే దారం బిళ్లల మధ్య లేనట్టు, లేదా బిళ్లల సందులో నూగు చేరినట్టు. ఒక పాత గుడ్డ పీలికను ఆ సందులో అటూ ఇటూ లాగితే నూగు వస్తుంది. ఒకే పక్క గుట్ట పడుతుంటే, బిళ్లలున్న ఆ బ్రాకెట్ స్క్రూను వదులు చేసి, దారం తక్కువ పడుతున్న వైపు కొంచెం జరపండి. వెంట్రుక వాసి జరిపినా తేడా కనిపిస్తుంది. ఒకసారి కుదిరితే మళ్లీ చాలాకాలం ముట్టుకోనక్కర్లేదు.

బాబిన్ కేసు గురించి. దారాన్ని గాటులోకి లాగి, స్ప్రింగ్ రేకు కిందికి పోనివ్వాలి. గాటు దగ్గర దారం వెనక్కి మళ్లినట్టు పోవాలి. బాబిన్ ఏ పక్కకు తిరగాలనేది మిషన్‌ను బట్టి మారుతుంది, మీ మిషన్‌తో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. తర్వాత దారం కొస పట్టుకుని కేసును గాలిలో వేలాడదీయండి. అట్లాగే ఉండాలి, జారకూడదు. చెయ్యిని ఒక్కసారి చిన్నగా ఆడించండి. ఒక అంగుళమో రెండో దిగి ఆగాలి. సర్రున నేల దాకా పోతే వదులు, ఎంత ఆడించినా దిగకపోతే బిగువు. స్ప్రింగ్ మీద ఉన్న పెద్ద స్క్రూను పావు వంతు కన్నా తక్కువ తిప్పి మళ్లీ చూడండి. చిన్న స్క్రూ జోలికి పోకండి, అది రేకును పట్టి ఉంచేది. ఈ పరీక్షకు బాబిన్ బాగా చుట్టి ఉండాలి. ఎర్ర బాబిన్‌తో చేస్తే ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్తుంది. మీరు స్క్రూ తిప్పుతూనే ఉంటారు.

బాబిన్ తప్పు కాని చోట దాన్ని నిందించడం కూడా చూస్తుంటాను. బట్ట అడుగున దారం కుచ్చులు కుచ్చులుగా వస్తే అందరూ బాబిన్ తీస్తారు. అది చాలావరకు పై దారం దోషం. పై దారం టెన్షన్ బిళ్లల్లో కూర్చోలేదు, లేదా టెన్షన్ మరీ వదులు. అందుకే దాన్ని లివర్ పైకి గుంజుకోలేకపోయింది, మిగిలినదంతా కింద పేరుకుంది. ఫుట్ ఎత్తి పెట్టి పై దారం మళ్లీ ఎక్కించండి. ఫుట్ ఎత్తితేనే బిళ్లలు విచ్చుకుని దారం లోపలికి దిగుతుంది. అదే, బట్ట పైన కింది దారం చుక్కలు చుక్కలుగా కనబడితే, కింద వదులు గానీ పైన బిగువు గానీ ఉన్నట్టు. అప్పుడు బాబిన్ చూడండి.

దారం ఖరీదు గురించి నా అభిప్రాయం చెప్తాను. కిందిది ఎవరికి కనబడుతుందని చౌక దారం చుట్టేవాళ్లున్నారు. పై దారం ఒక కుట్టులో కూర్చునే లోపు సూది కన్నులోంచి పదుల సార్లు అటూ ఇటూ రాసుకుంటుంది. కింది దారానికి ఆ రాపిడి లేదు, అది నిజమే. అందుకని కింద కాస్త సన్న దారం వేస్తే తప్పు కాదు. కానీ ముళ్లు ముళ్లుగా, ఒకచోట లావు ఒకచోట సన్నం ఉన్న దారం వేస్తే స్ప్రింగ్ కింద ఆగి ఆగి వస్తుంది. చంక దగ్గర కుట్టు లాగుడు పడినప్పుడు రెండు దారాలూ సమంగా మోయాలి. ఒకటి తెగితే కుట్టు విడిపోయినట్టే. వందల రూపాయలు కుట్టుకూలి తీసుకుని అక్కడ మోసం చేయకూడదు.

ఇంక మీ ప్రశ్నలు అడగండి.

ఒక మహిళ: మేడం, బాబిన్‌లో పాత రంగు కొంచెం మిగిలితే దాని మీదే కొత్త రంగు చుట్టొచ్చా?

అందరం చేసేదే గానీ చేయొద్దమ్మా. అడుగున పాత చుట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, దాని మీద ఏది చుట్టినా సాపుగా రాదు. పాత దారం కొస కొత్త చుట్లలో ఇరుక్కుంటుంది కూడా. మిగిలిన దారం తీసి చేతి కుట్లకు, కాజాలు టాకా వేయడానికి వాడుకోండి. బాబిన్లు ఖరీదైనవి కావు. తెలుపు, నలుపు, మెరూన్, బంగారు రంగు, ఆకుపచ్చ... మీకు ఎక్కువగా వచ్చే రంగులకు తలా ఒకటి పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త, కొనేటప్పుడు మీ పాత బాబిన్ చేతిలో పట్టుకుని వెళ్లండి. వెడల్పు ఒకటే ఉండి ఎత్తు తక్కువైన రకం కూడా దొరుకుతుంది, అది కేసులో లొడలొడలాడుతుంది.

ఇంకో మహిళ: మాకు పవర్ మిషన్ ఉంది. కుడుతూనే పక్కన బాబిన్ నిండుతుంది. అది మంచిదేనా?

మంచిదే. కుట్టే పని ఆగదు, ఇంకో బాబిన్ తయారవుతుంది. బట్ట కుడుతున్నప్పుడే చుట్టండి. ఊరికే చుట్టాల్సి వస్తే సూదిలోంచి దారం తీసి, ఫుట్ ఎత్తి పెట్టండి. ఆ వైండర్‌కు కూడా బిళ్లలుంటాయి, ఇందాక చెప్పిన గోరు పరీక్ష దానికీ వర్తిస్తుంది.

మరో మహిళ: మెడ పైపింగ్ సగంలో ఉండగా బాబిన్ అయిపోతుంది. ముందే తెలిసేదెట్లా?

మీటరు కుట్టుకు కింది దారం సుమారు ఒకటింబావు మీటరు పడుతుంది. దళసరి బట్టకు ఇంకా ఎక్కువ. అంత లెక్క అక్కర్లేదు గానీ, మెడ మొదలుపెట్టే ముందు బాబిన్ తీసి ఒకసారి చూడండి. తక్కువుంటే దాన్ని సైడ్ కుట్లకు వాడుకుని, మెడకు నిండు బాబిన్ పెట్టండి. అయినా మధ్యలో అయిపోతే, తెగినచోట నుంచే మొదలుపెట్టకండి. ఒక అంగుళం వెనక్కి వెళ్లి, పాత కుట్టు మీదనే సరిగ్గా సూది దింపి ముందుకు రండి. చక్రాన్ని చేత్తో తిప్పి మొదటి రెండు కుట్లు వేస్తే గురి తప్పదు. రెండు దారాల కొసలనూ వెనక్కి పట్టుకోండి, లేకపోతే అవే వెళ్లి కింద గుబురు కడతాయి.

ఆ పెట్టెలో ఖాళీ బాబిన్లున్నాయి, మనిషికి రెండు తీసుకోండి. ఒకటి బిళ్లల మధ్య నుంచి, ఇంకోటి బిళ్లలు లేకుండా చుట్టండి. రెంటితోనూ ఒక మూర కుట్టు వేసి, బట్ట తిరగేసి నాకు చూపించండి.